గుల్ల కట్టకముందే: ఓడ అడుగును శుభ్రం చేసే పని

సముద్రపు నీటిలో దించిన ఏ ఉపరితలమైనా ఖాళీగా ఉండేది కొద్ది నిమిషాలే. నీటిలో కరిగి ఉన్న ప్రోటీన్లు, చక్కెరలు ముందుగా దానికి అంటుకుని కంటికి కనిపించని పొరగా పరుచుకుంటాయి. కొన్ని గంటల్లో ఆ పొర మీద బాక్టీరియా చేరుతుంది. తర్వాతి రోజుల్లో డయాటమ్‌లనే ఏకకణ నాచు వచ్చి కలుస్తుంది. ఇవన్నీ కలిసి వదిలే జిగురే చేతికి జారుడుగా తగిలే పాచి. ఆ వెనక ఆకుపచ్చ నాచు మొలకలు, బార్నకిల్ పిల్లలు, సున్నపు గొట్టాలు కట్టుకునే పురుగులు, ఆల్చిప్పల వంటి మస్సెల్స్ దిగుతాయి. వరస ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు ఇలాగే సాగదు. వేడి నీళ్లలో, పిల్లలు దండిగా ఉండే కాలంలో బార్నకిల్స్ పాచి కోసం ఆగకుండా తొలి రోజుల్లోనే అంటుకుంటాయి.

శుభ్రం చేసే మనిషికి మాత్రం పనికొచ్చే విభజన ఒక్కటే: మెత్తటి దశ, గుల్ల కట్టిన దశ. మెత్తగా ఉన్నప్పుడు మెత్తటి బ్రష్షుతో తుడిచేస్తే సరిపోతుంది, రంగు చెక్కుచెదరదు. గుల్ల కట్టాక ఏ పద్ధతి ఎంచుకున్నా రంగులో కొంత పోతుంది, ఖర్చు పెరుగుతుంది, రేవు నీటిలోకి రాగి విషమూ పరాయి జీవాల సంతానమూ చేరతాయి. ఈ అధ్యాయంలో చెప్పే నిర్ణయాలన్నిటి వెనక ఉన్న లెక్క ఇదే.

బార్నకిల్ అంటుకునే తీరు

బార్నకిల్‌ను చాలామంది నత్త జాతి అనుకుంటారు. అది నిజానికి రొయ్యకు, పీతకు బంధువు. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల కొన్నాళ్లు నీటిలో ఈదుతూ, పలుమార్లు కుబుసం విడిచి, చివరికి సైప్రిడ్ అనే రూపానికి వస్తుంది. సైప్రిడ్ తిండి తినదు. స్థలం వెతుక్కోవడమే దాని పని. తల ముందున్న రెండు పొట్టి మీసాల మీద నడుస్తూ ఉపరితలాన్ని తడిమి చూస్తుంది. నచ్చకపోతే వదిలి ఈదిపోతుంది. నచ్చితే మీసాల దగ్గర జిగురు వదిలి తలకిందులుగా అతుక్కుపోతుంది. ఆ తర్వాత చుట్టూ సున్నపు పలకల గోడ కట్టుకుని, నడి నెత్తిన తలుపులు పెట్టుకుని, కాళ్లను బయటికి చాచి నీటిలోని ఆహారాన్ని లాక్కుంటూ బతుకంతా అక్కడే గడుపుతుంది. చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 వరకు ఎనిమిదేళ్లు ఈ జీవుల మీదే పనిచేశాడు. వేడి సముద్రాల రేవుల్లో ఓడల అడుగున విస్తారంగా కనిపించే ఆంఫిట్రైట్ అనే చారల బార్నకిల్‌కు ఆ పేరు పెట్టింది ఆయనే.

ఈ జీవిత చరిత్రలో పనికి సంబంధించిన విషయాలు మూడున్నాయి. మొదటిది, సైప్రిడ్ అంటుకోవాలంటే నీరు నెమ్మదిగా ఉండాలి. అందుకే ఓడ అడుగున గుల్ల పెరగడానికి బీజం పడేది ఎక్కువగా నడిచే రోజుల్లో కాదు, లంగరు వేసి సరుకు కోసమో బెర్తు కోసమో ఎదురుచూసే రోజుల్లో. రెండోది, తన జాతి పెద్దలు ఉన్న చోటును, ఒకప్పుడు ఉండి పోయిన చోటును కూడా సైప్రిడ్ గుర్తుపడుతుంది. అక్కడి ప్రోటీన్ ఆనవాలు దాన్ని పిలుస్తుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. చారల బార్నకిల్ వంటి జాతుల అడుగున సున్నపు పీఠం ఉంటుంది. గీకుడు బద్దతో పక్కనుంచి కొడితే గోడలు రాలిపోతాయి గానీ, పీఠం తెల్లటి వలయంలా రంగుకు కరిచిపట్టి మిగిలిపోతుంది. అది నీటిని అడ్డగించే గరుకుగా నిలుస్తుంది, దాని మీద రాగి ఉండదు కాబట్టి కొత్త గుల్లకు నిరాటంకమైన పునాది అవుతుంది. గుల్లలు రాలాయి కదా అని పని ముగించిన చోట తెల్ల వలయాలు మిగిలితే, పని సగమే అయినట్టు.

నష్టం ఎంత, ఎప్పుడు తుడవాలి

నీటిలో నడిచే ఓడకు కావలసిన శక్తి ఇంచుమించు వేగపు ఘనంతో పెరుగుతుంది. అందువల్ల అడుగు గరుకెక్కినప్పుడు పోయిన కొద్దిపాటి వేగాన్ని తిరిగి తెచ్చుకోవడానికి చాలా ఎక్కువ ఇంధనం కాల్చాలి. అమెరికా నౌకాదళ అకాడమీకి చెందిన మైఖేల్ షుల్ట్జ్ 2007లో ఒక ఫ్రిగేట్ తరహా యుద్ధనౌకను తీసుకుని వేసిన లెక్క ప్రకారం, గుల్ల దట్టంగా కట్టిన అడుగుతో మామూలు ప్రయాణ వేగంలో నడవాలంటే కావలసిన శక్తి 86 శాతం వరకు పెరగవచ్చు. ఉత్త పాచి వల్ల కూడా చెప్పుకోదగ్గ నష్టం ఉంటుందని అదే లెక్క తేల్చింది. పాచిని లెక్కచేయక గుల్ల కనిపించాక డైవర్‌ను పిలిచే అలవాటు చాలా ఓడల్లో ఉంది. ఆ అలవాటు ఖరీదు ఇంధనం బిల్లులో దాక్కుంటుంది కనుక ఎవరి కంటా పడదు.

ఎప్పుడు తుడవాలో క్యాలెండరు చూసి నిర్ణయించడం తేలికే గానీ సరైనది కాదు. చల్లటి సముద్రంలో ఆగకుండా తిరిగే కంటైనర్ ఓడకూ, బంగాళాఖాతంలో మూడు వారాలు లంగరు మీద ఉన్న బల్క్ క్యారియర్‌కూ ఒకే గడువు పెట్టలేం. చూడవలసినవి రెండు ఆనవాళ్లు. ఒకటి ఓడ నడక. ప్రతి మధ్యాహ్నం రాసే నూన్ రిపోర్టులో వేగం, షాఫ్ట్ శక్తి, ఇంధనం, గాలి, అలలు, ఓడ మునిగిన లోతు ఉంటాయి. గాలీ అలా సద్దుమణిగిన రోజులను మాత్రమే ఏరి, అదే లోతుకు, అదే శక్తికి వేగం ఎంత తగ్గిందో పోల్చి చూడాలి. ఈ పోలికకు 2016లో వచ్చిన ఐఎస్ఓ 19030 ప్రమాణం పద్ధతి చూపిస్తుంది. రెండోది కంటితో చూడటం. డైవరో, కెమెరా ఉన్న నీటి రోబోనో దింపి, ఓడ ముక్కు నుంచి వెనక వరకు ఫొటోలు తీయించాలి. లెక్క ఒకటి చెప్పి ఫొటో ఇంకొకటి చెబితే ప్రొపెల్లర్‌ను అనుమానించాలి. అడుగు శుభ్రంగా ఉండి ప్రొపెల్లర్ ఒక్కటే గరుకెక్కిన సందర్భాలు తక్కువేం కాదు.

చూసిన దాన్ని అంకెలో రాసే కొలబద్ద అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2023 మార్గదర్శకాల్లో ఉంది. ఏమీ లేకపోతే 0. పాచి ఒక్కటే ఉంటే 1. గుల్ల, నాచు వంటి పెద్ద పెరుగుదల చూసిన మేరలో 15 శాతం వరకు ఉంటే 2, 16 నుంచి 40 శాతం వరకు 3, అంతకు మించితే 4. పెరుగుదల 1 దాటకముందే తుడవడం ముందుజాగ్రత్త పని. 2, ఆపైన అయితే అది దిద్దుబాటు పని, రాలిన వ్యర్థాన్ని పట్టుకునే ఏర్పాటుతోనే చేయాలి. ఈ రెంటికీ కావలసిన పనిముట్లు, అనుమతులు, ఖర్చు వేరువేరు.

అద్దెకిచ్చిన ఓడల్లో ఇంకో చిక్కుంది. చార్టరర్ ఆదేశం మీద ఓడ రోజుల తరబడి నిలిచి అడుగు పాడైతే, తుడిపించే ఖర్చు ఎవరిదన్న తగాదా వస్తుంది. బిమ్‌కో సంస్థ 2013లో ఇచ్చిన ఒప్పంద నిబంధన ప్రకారం, ఇరుపక్షాలు వేరే సంఖ్య రాసుకోకపోతే, ఉష్ణమండల జలాల్లోనైనా మిగతా చోట్లైనా నిలుపుదల 15 రోజులు దాటాకే ఆ బాధ్యత చార్టరర్ మీదికి మళ్లుతుంది. కనుక ఎక్కడ ఎన్ని రోజులు ఆగిందో లాగ్‌బుక్‌లో స్పష్టంగా ఉండటం అవసరం.

బ్రష్షు కన్నా ముందు రంగు

ఏ బ్రష్షు వాడాలో చెప్పేది గుల్ల కాదు, దాని కిందున్న రంగు. రంగు తెలియకుండా డైవర్‌ను దింపకూడదు.

విషం వదిలే రంగు చరిత్రలో రెండు ఘట్టాలు గుర్తుంచుకోదగ్గవి. బ్రిటిష్ నౌకాదళం 1761లో అలారం అనే ఫ్రిగేట్ అడుగుకు రాగి రేకు తొడిగి చూసింది. గుల్ల, కొయ్యను తొలిచే పురుగు రెండూ తగ్గాయి గానీ, రాగికి ఆనుకున్న ఇనుప మేకులు తినేసుకుపోయాయి. 1824లో హంఫ్రీ డేవీ ఆ రాగి రేకులే అరిగిపోకుండా ఉండటానికి వాటికి ఇనుము, జింకు ముక్కలు తగిలించాడు. రాగి అరుగుదల ఆగింది. దాంతోపాటే అడుగున గుల్ల, నాచు మళ్లీ పెరిగాయి. రాగి కరుగుతున్నంతసేపే అది కాపలా కాస్తుందని అప్పుడు తేలింది. నేటి రాగి రంగుల పనితీరు కూడా ఇదే.

నేటి వాణిజ్య ఓడల్లో ఎక్కువగా కనిపించేవి క్యూప్రస్ ఆక్సైడ్ కలిపిన సెల్ఫ్ పాలిషింగ్ రంగులు. నీరు తగిలే కొద్దీ పై పొర సన్నగా కరుగుతూ కొత్త రాగిని బయటపెడుతుంది. డ్రైడాక్ నుంచి డ్రైడాక్ దాకా సరిపోయే మందం లెక్కకట్టి వేస్తారు కాబట్టి, గట్టి బ్రష్షు ఒక్కసారి తిరిగితే కొన్ని నెలల ఆయుష్షు నీళ్ల పాలవుతుంది. దీనికి ఆనవాలు డైవర్ కళ్ల ముందే ఉంటుంది: బ్రష్షు చుట్టూ నీరు ఎర్రటి మబ్బులా మారితే ఊడుతున్నది పాచి కాదు, రంగు. అప్పుడు ఆపి, ఒత్తిడి తగ్గించి, మెత్తటి బ్రష్షుకు మారాలి. ఇదే కుటుంబంలో ఒకప్పుడు రాజ్యమేలిన ట్రైబ్యూటైల్ టిన్ రంగులు ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్ల పెంపకాన్ని దెబ్బతీశాయి. ఆడ నత్తలకు మగ అవయవాలు పుట్టించాయి. 2001 నాటి అంతర్జాతీయ ఒడంబడిక 2008 సెప్టెంబర్ 17న అమల్లోకి వచ్చి వాటిని నిషేధించింది. సైబ్యూట్రిన్ అనే మరో రసాయనం మీద 2023 జనవరి 1 నుంచి నిషేధం ఉంది.

సిలికాన్ రంగులు చాలావరకు విషం మీద ఆధారపడవు. వాటి ఉపరితలం జారుడుగా, సాగేదిగా ఉండటం వల్ల గుల్ల గట్టిగా పట్టదు, ఓడ వేగంగా నడిస్తే నీటి ఒరిపిడికే రాలిపోతుంది. వీటి బలహీనత గీత. డైవర్ గొట్టం రాసుకున్నా, బ్రష్షు చక్రంలో ఇసుక ఇరుక్కున్నా గీత పడుతుంది, ఆ గీతలోనే మళ్లీ గుల్ల మొదలవుతుంది. స్పాంజి లాంటి మెత్తటి ప్యాడ్లు, తక్కువ ఒత్తిడి నీటి ధారలు తప్ప ఇక్కడ మరేదీ పనికిరాదు. దీనికి పూర్తి వ్యతిరేకం గాజు రేకులు కలిపిన గట్టి పూతలు. ఇవి గుల్లను ఆపవు, కానీ ఎన్నిసార్లు తోమినా తట్టుకుంటాయి. ఇలాంటి పూత వేసుకున్న యజమాని తరచూ తుడిపించే క్రమశిక్షణ కూడా దానితోపాటే కొనుక్కోవాలి.

డైవర్ దిగేముందు

ఈ పనిలో ప్రాణాలు పోయేది గుల్ల వల్ల కాదు, ఓడలో ఎవరో ఒక స్విచ్ వేయడం వల్ల. అన్నిటికన్నా భయంకరమైనది నీటి పీల్పు. ఇంజన్ చల్లార్చడానికి సముద్రపు నీటిని లోపలికి తీసుకునే సీ చెస్ట్ జల్లెడ దగ్గర పంపు నడుస్తుంటే, డైవర్ చేయో గొట్టమో దానికి అతుక్కుపోతుంది. పీడనం తేడా వల్ల పట్టిన ఆ పట్టును మనిషి బలంతో విడిపించుకోలేడు. అందుకని డైవర్ పనిచేసే వైపు సీ చెస్ట్ మూసి, నీటిని రెండోవైపు నుంచి తీసుకోవాలి. ఆ వైపు పని పూర్తై డైవర్ బయటికి వచ్చి తల లెక్క సరిపోయాకే వైపు మార్చాలి.

మెయిన్ ఇంజన్‌కు టర్నింగ్ గేర్ వేసి, స్టార్టింగ్ గాలి మూసి, కంట్రోల్ రూంలోనూ బ్రిడ్జిలోనూ ట్యాగులు కట్టాలి. చుక్కాని నడిపే స్టీరింగ్ పంపులు, బో థ్రస్టర్ బ్రేకరు తీసి తాళం వేయాలి. తాళంచెవి డైవింగ్ సూపర్‌వైజర్ దగ్గర ఉండటం మంచి పద్ధతి. తుప్పు ఆపడానికి అడుగులో కరెంటు పంపే ఐసీసీపీ వ్యవస్థను, ఎకో సౌండర్‌ను, స్పీడ్ లాగ్‌ను ఆపాలి. బల్లాస్ట్ నింపడం, వదలడం, ఓడలోంచి నీళ్లు బయటికి పోసే గొట్టాలు అన్నీ నిలపాలి. ఆల్ఫా జెండా ఎత్తి, పక్క బెర్తుల్లోని ఓడలకూ టగ్‌లకూ వీహెచ్ఎఫ్‌లో కబురు చెప్పాలి. ఇవన్నీ ఒక పర్మిట్ కాగితం మీద రాసి, చీఫ్ ఇంజనీరు, డ్యూటీ ఆఫీసరు, డైవింగ్ సూపర్‌వైజరు ముగ్గురూ కలిసి తిరిగి చూసి సంతకం పెట్టాలి. కుర్చీలో కూర్చుని సంతకం పెట్టిన పర్మిట్‌కు విలువ లేదు. షిఫ్టు మారినప్పుడు కొత్తగా వచ్చిన ఇంజనీరుకు డైవర్ కింద ఉన్నాడన్న సంగతి నోటితో చెప్పాలి.

ఓడ చదునైన అడుగు కింద పనిచేసేవాడికి నెత్తిమీద ఆకాశం లేదు, ఇనుమే ఉంటుంది. ఇబ్బంది వస్తే నేరుగా పైకి రాలేడు. ఈ పనికి వీపు మీది సిలిండర్ కన్నా పైనుంచి గొట్టంలో గాలి అందించే పద్ధతి, దానితోపాటు మాట్లాడే తీగ, అత్యవసర గాలి సీసా ఉండాలి. ఆటుపోటును ముందే చూసుకోవాలి, నీరు తగ్గుతున్నప్పుడు అడుగుకూ బురదకూ మధ్య సందు ఇరుకైపోతుంది. బురద నీళ్ల రేవుల్లో చూపు మూరెడు దూరం కూడా ఆనదు. అక్కడ డైవర్ వేళ్లతో తడుముతూ పనిచేస్తాడు కనుక, మందపాటి చేతితొడుగులు తప్పనిసరి. గుల్ల అంచు బ్లేడులా కోస్తుంది, వేడి సముద్రపు నీటిలో ఉండే విబ్రియో బాక్టీరియా చిన్న కోతను కూడా ప్రాణం మీదికి తెస్తుంది. కోసుకున్న చోటు వెంటనే మంచినీళ్లతో కడిగించాలి. వాపు, ఎరుపు పెరిగితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పంపాలి.

తుడిచే వరస

పెద్ద పక్కల్ని బ్రష్ కార్టుతో తుడుస్తారు. హైడ్రాలిక్ శక్తితో తిరిగే రెండు మూడు గుండ్రటి బ్రష్షులు ఉన్న ఈ బండి తన పీల్పుతోనే ఓడకు అతుక్కుని చక్రాల మీద నడుస్తుంది. ముందు ఒక చిన్న మేరలో మెత్తటి బ్రష్షుతో నడిపి, రంగు ఊడుతోందా, పాచి పోతోందా అని చూడాలి. దానికి లొంగకపోతేనే ఒక మెట్టు గట్టి బ్రష్షుకు వెళ్లాలి. ఉక్కు తీగల బ్రష్షును ఎరుగని రంగు మీద ఎప్పుడూ పెట్టకూడదు. ఓడ పొడవునా వరసలు వరసలుగా, ఒక వరస అంచు మీదికి మరో వరస కొంచెం ఎక్కేలా నడపాలి. లేకపోతే మధ్యలో పాచి చారలు మిగులుతాయి. వెల్డింగ్ గీతల దగ్గర, బిల్జ్ కీల్ మూలల్లో కార్టు పట్టదు, చేతి బ్రష్షే వాడాలి.

కంటికి ఆనే విశాలమైన పక్కల్ని శుభ్రం చేసి సందుల్ని వదిలేయడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిన లోపం. సీ చెస్ట్ లోపలి గోడలు, బో థ్రస్టర్ సొరంగం, చుక్కాని కీళ్లు, ప్రొపెల్లర్ వెనక రోప్ గార్డు, జింకు ఆనోడ్ల చుట్టూ అంచులు: వీటి వైశాల్యం కొంచెమే, కానీ నీటి ఒరిపిడి తగలదు కనుక జీవాలు వత్తుగా పెరిగేది ఇక్కడే. డ్రైడాక్‌లో దిమ్మల మీద ఆనిన చోట్లు మరీ ముఖ్యం. అక్కడ రంగు పడకుండా మిగిలిపోయి ఉంటుంది. పక్కలు అద్దంలా ఉన్న ఓడలోనూ ఆ దిమ్మల గుర్తుల మీద మస్సెల్ గుత్తులు వేలాడుతుంటాయి.

ప్రొపెల్లర్ పని వేరే విద్య. దానికి యాంటీ ఫౌలింగ్ రంగు సాధారణంగా ఉండదు, అది కంచు మిశ్రమం. గుల్లను ప్లాస్టిక్ లేదా చెక్క పలుగుతో తీసి, ఆ తర్వాత మెత్తటి ఎబ్రేసివ్ డిస్కులతో మెరుగు పెడతారు. ఎంత నున్నగా వచ్చిందో రూబర్ట్ కొలబద్ద మీద ఏ నుంచి ఎఫ్ వరకు ఉన్న నమూనాలతో వేలు పెట్టి పోల్చి చూస్తారు. ఏ, బీ స్థాయిలు చాలు. రెక్కల అంచుల్ని గ్రైండరుతో పదును పెట్టడమో గుండ్రం చేయడమో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. అంచు ఆకారం మారితే బుడగలు పుట్టి లోహాన్ని తొలిచేస్తాయి. తుడిచిన మొత్తం ఖర్చులో ప్రొపెల్లర్ వాటా స్వల్పం, ఫలితంలో వాటా పెద్దది.

డైవర్ అవసరం లేకుండా రిమోట్ రోబోలు తుడిచే పద్ధతి పదేళ్లుగా పెరుగుతోంది. కొన్ని ఓడ మీదే ఉండి, లంగరు వేసినప్పుడల్లా పాచి దశలోనే మెత్తగా తుడిచేస్తాయి. మెత్తటి దశ దాటనీయకూడదన్న సూత్రానికి ఇంతకన్నా సూటైన ఆచరణ లేదు.

రాలినది ఎక్కడికి పోతుంది

తుడిచినప్పుడు రాలే గుల్లలన్నీ చచ్చినవి కావు. దెబ్బతిన్న జీవులు ఆ కలవరంలోనే గుడ్లు వదలవచ్చు. అలా పరాయి రేవులో దిగిన జీవం ఏం చేస్తుందో విశాఖపట్నానికి తెలుసు. మధ్య అమెరికా తీరానికి చెందిన నల్లచారల మస్సెల్ మైటిలాప్సిస్ 1960ల చివర్లో విశాఖ లోపలి హార్బర్‌లో బయటపడింది. అంతకు ముందే, 1950లలో, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు ఆ హార్బర్‌లో ఏయే జీవులు ఓడలకు, గోడలకు అంటుకుంటున్నాయో గమనించి ఉండటం వల్లే కొత్తగా వచ్చినదాన్ని కొత్తదని చెప్పగలిగే ఆధారం ఉంది. ఇదే ప్రజాతి మస్సెల్ 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరపు మెరీనాల్లో కనిపించినప్పుడు, అక్కడి ప్రభుత్వం గేట్లు మూసి క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోసి నీటిలోని జీవాన్ని మొత్తంగా చంపి దాన్ని నిర్మూలించింది. గేట్లు వేసి మూయగలిగే మెరీనా కాబట్టి అది సాధ్యమైంది. తెరిచి ఉన్న హార్బర్‌లో అలాంటి అవకాశం లేదు.

అందుకే అనేక రేవుల్లో అనుమతి లేకుండా నీటిలో తుడవడం నేరం. బ్రష్షు చుట్టూ మూత పెట్టి, రాలినదాన్ని పీల్చి, పైన వడపోసి, ఘనపదార్థాన్ని ఒడ్డున అప్పగించే యంత్రాలను చాలాచోట్ల అడుగుతున్నారు. ఈ పద్ధతికి పరిశ్రమ ప్రమాణం 2021లో వచ్చింది. న్యూజిలాండ్ 2018 మే నుంచి శుభ్రమైన అడుగుతోనే రావాలన్న నియమాన్ని ఖచ్చితం చేసింది. అంతకు ఏడాది ముందే, 2017 మార్చిలో, టౌరంగ రేవుకు దట్టమైన గుల్లతో వచ్చిన ఒక బల్క్ క్యారియర్‌ను సరుకు పూర్తిగా దించకముందే వెనక్కి పంపింది. గమ్యస్థానపు నియమాలను బయలుదేరే రేవులోనే చదివి, అక్కడే తుడిపించుకోవడం ఒక్కటే దీనికి దారి. ఓడలో బయోఫౌలింగ్ రికార్డు పుస్తకం ఉంచి, ఎక్కడ, ఏ తేదీన, ఏ బ్రష్షుతో, ఏయే మేరలు తుడిచారో, రంగు స్థితి ఏమిటో ముందు వెనకల ఫొటోలతో సహా రాయాలి.

డ్రైడాక్‌లో

క్లాస్ నియమాల ప్రకారం ఓడ అడుగును అయిదేళ్లలో రెండుసార్లు పరీక్షించాలి, రెంటి మధ్య 36 నెలలు మించకూడదు. అర్హత ఉన్న ఓడలకు అందులో ఒకటి నీటిలోనే జరపవచ్చు. డాక్‌లో నీరు తోడేసేటప్పుడే పని మొదలవ్వాలి. గుల్ల తడిగా, బతికి ఉన్నప్పుడు తేలిగ్గా వస్తుంది. ఎండిందంటే సున్నం బిగుసుకుపోయి రెట్టింపు శ్రమ అవుతుంది. దానికి ముందు పది నిమిషాలు కేటాయించి, కడగని అడుగును మేర మేరగా ఫొటో తీయాలి. రంగు ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ విఫలమైందో చెప్పే సాక్ష్యం ఒకసారి కడిగితే మళ్లీ దొరకదు.

ముందు పెద్ద గుల్లను బద్దలతో దించి, వెనకే అధిక పీడనపు మంచినీటితో పైనుంచి కిందికి కడగాలి. ఉప్పునీటితో కడిగితే మిగిలే ఉప్పు, తర్వాత వేసే రంగు కింద బొబ్బలు లేపుతుంది. పీఠాలు మిగిలిన చోట గట్టి బద్దతోనో, మరింత పీడనపు ధారతోనో వాటిని పూర్తిగా తీయాలి, వాటి మీదే రంగు వేయడం పనికిరాదు. సీ చెస్ట్ జల్లెడలు విప్పి లోపలికి మనిషిని పంపేముందు గాలి పరీక్షించాలి. మూసిన చోట కుళ్లిన మస్సెల్స్ హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. డాక్ నేల మీద పోగైన గుల్ల, రంగు పొడి కలిసిన బురదను కాలువలోకి తోయకుండా ఎత్తి ప్రమాదకర వ్యర్థంగా అప్పగించాలి. కొత్త రంగుకు ముందు ఇనుము ఉష్ణోగ్రత మంచుబిందు స్థానం కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా, గాలిలో తేమ 85 శాతం లోపు ఉండాలి. మన తీరంలో వానాకాలపు రాత్రుల్లో ఇది కుదరదు. ఆనోడ్లు, సెన్సర్ల ముఖాలు, ప్రొపెల్లర్ మీద రంగు పడకుండా ముందే మూసి ఉంచాలి. దిమ్మల స్థానాలను ఈసారి మార్చి, పోయినసారి రంగు పడని చోట్లకు రంగు వేయించాలి.

చేపల బోట్లు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. విశాఖ, కాకినాడ హార్బర్ల బోట్లకు అడుగు పనికి ఇదే అదను. ఒడ్డుకు లాగిన రోజే, గుల్ల ఆరకముందే గీకడం ఇక్కడా మొదటి నియమం. కొయ్య బోటుకు గుల్ల కన్నా కొయ్యను తొలిచే పురుగు ప్రమాదం ఎక్కువ. పైకి పలక బాగానే కనిపిస్తూ లోపల జల్లెడ అయి ఉండవచ్చు, కాబట్టి నీటి గీత కింద ప్రతి పలకనూ సుత్తితో తట్టి, డొల్ల శబ్దం వచ్చిన చోట మొనతో గుచ్చి చూడాలి. ఫైబర్ బోటుకు ఇనుప బద్ద పెడితే జెల్‌కోట్ చిరిగి లోపలి ఫైబర్ నీరు తాగుతుంది. ప్లాస్టిక్ బద్ద, నీటి ధార, నానబెట్టిన గోనెపట్టా చాలు. పాత రాగి రంగును పొడిగా ఇసుక కాగితంతో రుద్దకూడదు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి రుద్దాలి, ముక్కుకు సరైన మాస్కు కట్టాలి, కింద టార్పాలిన్ పరిచి పొడిని ఎత్తేయాలి. అల్యూమినియం అడుగున్న పడవకు రాగి రంగు వేస్తే లోహమే తినేసుకుపోతుంది, దానికి వేరే రంగు అడిగి తీసుకోవాలి. గోదావరి పాయల్లో మంచినీటి వైపు కొన్నాళ్లు కట్టేసి ఉంచే బోట్లకు సముద్రపు గుల్ల చాలావరకు చచ్చిపోతుంది, కానీ చచ్చిన గుల్ల దానంతటది రాలదు, గీకక తప్పదు.

రంగు ఆరాక నీటిలోకి దించడానికి తక్కువలో తక్కువ ఎన్ని గంటలు, ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజులు ఆగవచ్చో డబ్బా మీద, డేటా షీటులో రాసి ఉంటుంది. త్వరపడితే పూత ఊడుతుంది, గడువు దాటి ఎండలో నిలిపితే పై పొర రాగి వదలడం మందగిస్తుంది. నిషేధం ముగిసే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి రంగు వేసే రోజు నిర్ణయించుకుంటే రెండు ఇబ్బందులూ ఉండవు.